ఇంటి వెదర్ స్టేషన్ చూపే తేమ శాతాన్ని ఎంతవరకు నమ్మొచ్చు? ఉప్పు డబ్బా నుంచి డ్యూ పాయింట్ దాకా పూర్తి పరీక్ష

మే నెల మధ్యాహ్నం మూడింటికి నల్లగొండలో ఒకరి డాబా మీది స్టేషన్ గాలిలో తేమ 21 శాతం అని చూపుతుంది. రెండు వీధుల అవతల పెరట్లో పెట్టిన స్టేషన్ 25 అంటుంది. వెంటనే అందరి అనుమానం తేమ సెన్సర్ మీదికే పోతుంది. నిజానికి రెండు సెన్సర్లూ సరిగ్గానే పనిచేస్తూ ఉండొచ్చు. మొదటిదాని చుట్టూ ఉన్న గాలి స్లాబు వేడికి కాగి ఉంటుంది. ఆ వేడిగాలిలో తేమ శాతం నిజంగానే 21. ఊరి గాలిలో మాత్రం అది 25.

కాబట్టి తేమ రీడింగును పరీక్షించేవాళ్లు ముందు చూడాల్సింది ఉష్ణోగ్రతను. ఈ వరుస తప్పి నేరుగా తేమను సరిదిద్దితే, బాగున్న సెన్సర్‌ను మన చేతులతో మనమే చెడగొట్టినట్టవుతుంది. సరిదిద్దిన అంకె మధ్యాహ్నం సరిపోయినట్టే కనిపించి, తెల్లవారేసరికి మళ్లీ తప్పుతుంది. వేరుశనగకు ఆకుమచ్చ తెగులో, వరికి అగ్గితెగులో వచ్చే వాతావరణం ఉందా లేదా అని చూసుకునే రైతుకు ఆ తెల్లవారుజాము రీడింగే ముఖ్యం.

ముందు ఒక లెక్క

వేడిగాలి ఎక్కువ ఆవిరిని పట్టగలదు, చల్లగాలి తక్కువ. ఇప్పుడున్న ఉష్ణోగ్రత దగ్గర గాలి పట్టగలిగిన ఆవిరిలో ఎంత వంతు నిజంగా ఉందో చెప్పేదే తేమ శాతం. గాలిలో ఆవిరి చుక్కంత కూడా మారకపోయినా, ఉష్ణోగ్రత మారితే శాతం మారుతుంది. 30 డిగ్రీల దగ్గర తేమ 60 శాతం ఉన్న గాలిని ఒక్క డిగ్రీ వేడిచేస్తే శాతం 56.7కు పడిపోతుంది. 38 డిగ్రీల దగ్గర 25 శాతం ఉన్న గాలి 41కి వేడెక్కితే 21 అవుతుంది. పైన చెప్పిన రెండు స్టేషన్ల సంగతి ఇదే.

మారకుండా ఉండేది డ్యూ పాయింట్. గాలిని ఎంతవరకు చల్లబరిస్తే మంచు పట్టడం మొదలవుతుందో ఆ ఉష్ణోగ్రతే డ్యూ పాయింట్. అది గాలిలో నిజంగా ఉన్న ఆవిరి మీదే ఆధారపడుతుంది. ఆ రెండు స్టేషన్లకూ లెక్క కడితే డ్యూ పాయింట్ రెండుచోట్లా దాదాపు 14.5 డిగ్రీలే వస్తుంది. మీ స్టేషన్‌ను ఇంకో స్టేషన్‌తో పోల్చేటప్పుడు శాతాలు పక్కన పెట్టి డ్యూ పాయింట్లు పోల్చండి. డ్యూ పాయింట్లు కలిసి శాతాలు కలవకపోతే తప్పు నీడదీ, పెట్టిన చోటుదీ. డ్యూ పాయింట్లే కలవకపోతే అప్పుడు సెన్సర్‌ను అనుమానించాలి.

చాలా స్టేషన్లు డ్యూ పాయింట్‌ను తెర మీదే చూపుతాయి. చూపకపోతే ఫోన్‌లోని సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ చాలు. ఉష్ణోగ్రతను 17.62తో గుణించి, ఉష్ణోగ్రతకు 243.12 కలిపిన మొత్తంతో భాగించండి. దానికి, తేమ శాతాన్ని 100తో భాగించి తీసిన సహజ లాగరిథమ్‌ను (క్యాలిక్యులేటర్‌లో ln బటన్) కలపండి. వచ్చిన అంకెను ఒకచోట రాసుకోండి. దాన్ని 243.12తో గుణించి, 17.62 లోంచి అదే అంకెను తీసేసిన మిగులుతో భాగిస్తే డ్యూ పాయింట్ వస్తుంది. 38 డిగ్రీలు, 25 శాతానికి వేసి చూడండి: 2.382, దానికి మైనస్ 1.386 కలిపితే 0.996, చివరికి 14.6.

మొదటి మెట్టు: పెట్టిన చోటు

నేల నుంచి నాలుగు నుంచి ఆరడుగుల ఎత్తు, చుట్టూ గాలి ఆడే చోటు, సెన్సర్ చుట్టూ పళ్లేలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే తెల్లటి షీల్డ్. ఇవి అందరికీ తెలిసినవే. మన దగ్గర వచ్చే చిక్కులు వేరే ఉన్నాయి.

సిమెంటు స్లాబు మొదటిది. పగలంతా కాగిన స్లాబు రాత్రి పొద్దుపోయేదాకా వేడిని వదులుతూనే ఉంటుంది. డాబా తప్ప వేరే దిక్కు లేకపోతే స్తంభం పొడవు పెంచి, పిట్టగోడకు దూరంగా, గాలి వచ్చే వైపు పెట్టండి. రెండోది కూలర్. ఎండాకాలంలో కిటికీకి బిగించిన కూలర్ ఇంట్లోకి తోసిన తడిగాలి ఇంకో కిటికీలోంచి బయటికి రావాలి. ఆ కిటికీ దగ్గర స్టేషన్ ఉంటే డ్యూ పాయింట్ మధ్యాహ్నం ఉన్నట్టుండి మూడు నాలుగు డిగ్రీలు లేస్తుంది. బట్టలుతికే బండ, సంపు, పశువుల కొట్టం, సాయంత్రం నీళ్లు చల్లే వాకిలి కూడా ఇలాంటివే. ఏసీ బయటి యూనిట్ వేడిగాలి కొడుతుంది కాబట్టి అది శాతాన్ని తగ్గిస్తుంది.

ఒకరోజు డ్యూ పాయింట్ గ్రాఫ్ తీసి చూడండి. వాన, గాలి మార్పు లేని రోజున ఆ గీత నెమ్మదిగా కదలాలి. రోజూ ఒకే వేళకు గుట్టలా లేస్తుంటే దగ్గర్లో నీటి మూలం ఉన్నట్టు.

షీల్డ్ విప్పి లోపల కూడా చూడండి. పాలమూరు చెల్క నేలల ఎర్రదుమ్ము ఎండాకాలం గాలికి వచ్చి పళ్లేల మధ్య పేరుకుంటుంది. వానాకాలంలో అది తడిసి, వాన వెలిసాక కూడా గంటల తరబడి సెన్సర్ పక్కన చెమ్మను పట్టి ఉంచుతుంది. కందిరీగలు లోపల మట్టిగూడు కడతాయి, సాలెగూడు గాలిని ఆపుతుంది. పళ్లేలను సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. సెన్సర్ మీది తెల్లటి పొరను మెత్తటి బ్రష్‌తో మాత్రమే తాకండి. స్పిరిట్, శానిటైజర్, ఊదే నోరు, వేలు ఏవీ దాని దగ్గరికి రానివ్వద్దు. ఈ సెన్సర్లలో పలుచని పాలిమర్ పొర ఉంటుంది. తేమను పీల్చుకునే ఆ పొర, పెయింటు, వార్నిష్, సీలెంటు, పురుగుమందుల ఆవిర్లను కూడా పీల్చుకుని రీడింగు తప్పుతుంది. పత్తి చేను గట్టున స్టేషన్ ఉంటే మందు కొట్టే రోజు సెన్సర్‌కు కవరు తొడగడం మంచిది.

రెండో మెట్టు: ఉష్ణోగ్రత

నమ్మకమైన థర్మామీటర్ ఒకటి దగ్గర పెట్టుకోండి. ల్యాబ్ సామాన్లు అమ్మే షాపులో అర డిగ్రీ గీతలున్నది దొరుకుతుంది. ఒక థర్మాస్ ఫ్లాస్కులో దంచిన ఐసు ముక్కలు నింపి, కొద్దిగా నీళ్లు పోసి, కలిపి, థర్మామీటర్ ముంచితే సున్నా చూపాలి. చూపకపోతే ఆ తేడాను గుర్తుపెట్టుకోండి. స్టేషన్ సెన్సర్‌ను మాత్రం నీళ్లలో ముంచకండి. ఫ్యాన్, ఏసీ, ఎండ ఏదీ తగలని గదిలో థర్మామీటర్, సెన్సర్ పక్కపక్కనే పెట్టి, రాత్రంతా వదిలి, పొద్దున్నే తలుపు తీసీ తీయగానే రెండూ చదవండి. తేడా అర డిగ్రీ లోపు ఉంటే ముందుకు పోవచ్చు.

మూడో మెట్టు: ఉప్పు పరీక్ష

ఇంట్లో చేయగలిగిన పరీక్షల్లో నేను అన్నిటికన్నా ఎక్కువ నమ్మేది ఇది. కరగని ఉప్పు గింజలు మిగిలేంత చిక్కటి ఉప్పుముద్దను గాలి చొరబడని డబ్బాలో పెడితే, డబ్బాలోని గాలి తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. 20 డిగ్రీల దగ్గర 75.5, 25 దగ్గర 75.3, 30 దగ్గర 75.1, 40 దగ్గర 74.7. అంటే మన ఎండాకాలంలోనూ, చలికాలంలోనూ ఇంచుమించు అదే అంకె. ఈ గుణం వల్లే ప్రయోగశాలల్లో కూడా ఉప్పు ద్రావణాలను కొలబద్దగా వాడతారు.

ఏ ఉప్పు వాడాలన్నది ముఖ్యం. దొడ్డుప్పు వద్దు. సముద్రపు దొడ్డుప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్ గాలిలోని చెమ్మను లాగేస్తుంది. వానాకాలంలో జాడీలో దొడ్డుప్పు నీరుకారడానికి కారణం అదే. అది ఉంటే డబ్బాలో తేమ 75 కన్నా తగ్గొచ్చు. శుద్ధిచేసిన ప్యాకెట్ ఉప్పు వాడండి. అందులోని అయోడిన్, గడ్డకట్టకుండా కలిపే పొడి చాలా కొద్ది మోతాదులోనే ఉంటాయి. ఇంటి స్టేషన్ పరీక్షకు వాటితో ఇబ్బంది లేదు.

డబ్బా గాజుదో ప్లాస్టిక్‌దో అయి ఉండాలి. స్టీలు డబ్బాలో పెడితే సెన్సర్ పంపే రేడియో సిగ్నల్ బయటికి రాదు, తెర మీద గీతలే మిగులుతాయి. వర్షమాపకం, గాలిమరతో కలిసి ఒకే ముక్కగా వచ్చే పెద్ద స్టేషన్ డబ్బాలో పట్టదు. దానికి మందమైన పారదర్శక ప్లాస్టిక్ సంచి తీసుకుని, లోపలి గాలి వీలైనంత తగ్గించి, మూతి గట్టిగా కట్టండి.

ఇక చేసే పద్ధతి:

1. చిన్న గిన్నెలోనో సీసా మూతలోనో రెండు మూడు చెంచాల ఉప్పు వేయండి. డబ్బా పెద్దదైతే వెడల్పాటి సాసర్‌లో ఇంకా ఎక్కువ వేయాలి. ముద్ద పైభాగం ఎంత వెడల్పుగా ఉంటే డబ్బాలోని గాలి అంత త్వరగా కుదురుకుంటుంది.

2. నీళ్లు చుక్క చుక్కగా కలపండి. తడి ఇసుకలా ఉండాలి, పైన నీళ్లు తేలకూడదు. తేలితే ఇంకాస్త ఉప్పు వేయండి. ఈ ఒక్కచోటే ఎక్కువమంది తడబడతారు: ఉప్పంతా కరిగిపోయిన నీళ్లు 75 కన్నా ఎక్కువ చూపిస్తాయి. వేలితో నొక్కితే గింజలు గరగరమనాలి.

3. గిన్నె, సెన్సర్ పక్కపక్కన పెట్టండి. ఉప్పు సెన్సర్‌కు అంటకూడదు. సెన్సర్ కింద చిన్న కప్పు బోర్లించి ఎత్తు ఇవ్వొచ్చు.

4. మూత బిగించి, డబ్బాను థర్మకోల్ పెట్టెలోనో, దుప్పట్లో చుట్టో, ఇంట్లో అన్నిటికన్నా చల్లగా, నిలకడగా ఉండే మూలలో పెట్టండి. ఇది అలంకారానికి చెప్పిన మాట కాదు. ఉప్పుముద్దకూ సెన్సర్‌కూ మధ్య ఒక్క డిగ్రీ తేడా వచ్చినా రీడింగు నాలుగు శాతం దాకా జరుగుతుంది.

5. కనీసం పన్నెండు గంటలు, వీలైతే ఒక రోజంతా వదిలేయండి. మధ్యలో మూత తీయకూడదు. అంకె రెండు గంటలపాటు కదలకుండా ఉంటే అప్పుడు రాసుకోండి, పక్కనే ఉష్ణోగ్రతను కూడా.

72 నుంచి 78 మధ్య ఏది వచ్చినా ఇంటి స్టేషన్‌కు మంచి ఫలితమే. తయారీదారులు చవక మోడళ్లకు ప్లస్ ఆర్ మైనస్ 5, మంచివాటికి 2 లేదా 3 శాతం తేడా ఉండొచ్చని పెట్టె మీదే రాస్తారు. 82 చూపితే తొందరపడకండి. వానాకాలమంతా 90 పైన గడిపిన సెన్సర్ కొన్ని శాతాలు ఎక్కువ చూపడం మామూలే. దాన్ని పొడిగా ఉండే డబ్బాలో కొత్త సిలికా జెల్‌తో రెండు మూడు రోజులు ఉంచి, ఉప్పు పరీక్ష మళ్లీ చేయండి. చాలాసార్లు దారికొస్తుంది. హెయిర్ డ్రయర్‌తోనో, ఓవెన్‌లోనో వేడిచేసే పని మాత్రం పెట్టుకోవద్దు. విడి సెన్సర్లను వేడిచేసి బాగుచేసే పద్ధతి ఉన్న మాట నిజమే, స్టేషన్ ప్లాస్టిక్ ఆ వేడికి తట్టుకోదు.

పొడి వైపు ఇంకో గుర్తు

75 దగ్గర సరిగ్గా ఉన్న సెన్సర్ 20 దగ్గర కూడా సరిగ్గా ఉంటుందని లేదు. దక్షిణ తెలంగాణలో మార్చి నుంచి మృగశిర కార్తె దాకా మధ్యాహ్నాలన్నీ ఆ పొడి వైపే గడుస్తాయి కాబట్టి మనకు రెండో గుర్తు కావాలి. ల్యాబ్ కెమికల్స్ షాపులో మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ అని అడగండి. దాని ముద్ద 25 డిగ్రీల దగ్గర 32.8, 30 దగ్గర 32.4 శాతం నిలుపుతుంది. పద్ధతి అదే, నీళ్లు మాత్రం ఇంకా తక్కువ కలపాలి. దాని బదులు కాల్షియం క్లోరైడ్ ఇస్తామంటే తీసుకోకండి. అది ఉష్ణోగ్రతను బట్టి రూపం మార్చుకుంటుంది, అంకె నిలవదు.

తడి తువ్వాలు చుట్టి 100 శాతం వస్తుందా అని చూసే పద్ధతి ఒకటి చాలామంది చెబుతారు. సెన్సర్ కదులుతోందని తెలుసుకోవడానికి తప్ప అది ఎందుకూ పనికిరాదు. తువ్వాలు ఆరుతూ చల్లబడుతుంది, లోపలి తేమ ఎంతో ఎవరికీ తెలియదు.

నాలుగో మెట్టు: తడి బల్బు, పొడి బల్బు

డబ్బాలో నెగ్గిన సెన్సర్ ఆరుబయట కూడా నెగ్గాలి. దానికి ఒకేరకం థర్మామీటర్లు రెండు కావాలి. ముందు రెంటినీ ఒకే బకెట్ నీళ్లలో ముంచి, ఒకే అంకె చూపుతున్నాయా చూడండి. ఒకదాని బల్బుకు తెల్లటి నూలు గుడ్డ ఒక్క పొర తొడిగి నీళ్లతో తడపండి. అది తడి బల్బు, గుడ్డ లేనిది పొడి బల్బు. పాత నూలు పంచె ముక్క బాగుంటుంది. కొత్త గుడ్డయితే గంజి పోయేదాకా సబ్బునీళ్లలో ఉడకబెట్టి, బాగా జాడించాలి. గంజి ఉన్న గుడ్డ నీళ్లను పీల్చదు.

నీళ్ల విషయంలో మన ప్రాంతపు చిక్కు ఒకటుంది. నల్లగొండ బోరు నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తుకొస్తుంది. ఈ పనికి అడ్డొచ్చేది ఆ నీళ్లలోని లవణాలు, కాఠిన్యం. గిన్నెలకు పట్టే తెల్లటి పొరే గుడ్డకూ పడుతుంది, గుడ్డ గట్టిపడి సరిగ్గా తడవదు, తడి బల్బు ఉండాల్సినదాని కన్నా ఎక్కువ చూపుతుంది. బ్యాటరీల షాపులో అమ్మే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి.

నీడలో, స్టేషన్ పక్కనే రెండు థర్మామీటర్లూ వేలాడదీసి, టేబుల్ ఫ్యాన్ గట్టిగా తిప్పండి. గాలి లేకుండా చదివిన తడి బల్బుకు విలువ లేదు. మూడు నుంచి ఐదు నిమిషాల్లో అది దిగి, ఒకచోట ఆగుతుంది. ఆగిన ఆ కనిష్ఠాన్నే తీసుకోండి. రోహిణి కార్తె ఎండల్లో గుడ్డ చూస్తుండగానే ఆరిపోతుంది. ఆరడం మొదలవగానే అంకె మళ్లీ పైకి పోతుంది. అందుకే చూపు దాని మీదే ఉండాలి.

లెక్కకు ఆవిరి పీడనం పట్టిక కావాలి. హెక్టోపాస్కల్‌లలో: 20 డిగ్రీలకు 23.4, 23కు 28.1, 25కు 31.7, 28కి 37.8, 30కి 42.4, 35కు 56.2, 38కి 66.3, 40కి 73.8. తడి బల్బు ఉష్ణోగ్రతకు ఉన్న పీడనంలోంచి, 0.000662ను వాయుపీడనంతోనూ రెండు థర్మామీటర్ల తేడాతోనూ గుణించి తీసేయాలి. మిగిలినదాన్ని పొడి బల్బు పీడనంతో భాగించి 100తో గుణిస్తే తేమ శాతం.

మహబూబ్‌నగర్‌లో పొడి 38, తడి 23 వచ్చిందనుకుందాం. ఊరు సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఎండాకాలంలో వాయుపీడనం 950 హెక్టోపాస్కల్‌ల దగ్గర ఉంటుంది. తేడా 15. 0.000662, 950, 15 గుణిస్తే 9.4. 28.1 లోంచి 9.4 పోతే 18.7. దాన్ని 66.3తో భాగిస్తే 28 శాతం. స్టేషన్ తెర మీద పెద్దగా కనిపించే వాయుపీడనం సాధారణంగా సముద్రమట్టానికి సవరించినది. ఇక్కడ వాడాల్సింది సవరించనిది. పొరపాటున 1005 వేసినా తేడా ఒక్క శాతమే వస్తుంది. తడి బల్బు ఒక డిగ్రీ తప్పు చదివితే మాత్రం 28 కాస్తా దాదాపు 32 అవుతుంది. వానాకాలంలో, పొడి 28, తడి 25 ఉన్నప్పుడు, అదే ఒక్క డిగ్రీ తప్పుకు ఏడు శాతం పోతుంది. అందుకే నా లెక్కలో ఈ పద్ధతి ఎండాకాలపు పరీక్ష. వానల్లో ఉప్పు డబ్బాను నమ్ముకోవాలి.

ఐదో మెట్టు: పక్క స్టేషన్లతో పోలిక

టీజీడీపీఎస్ అని పిలిచే తెలంగాణ డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీకి రాష్ట్రంలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ స్టేషన్లున్నాయి. మండలాల వారీగా వాటి వివరాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో భారత వాతావరణ శాఖ కేంద్రాలున్నాయి. వాటి రోజువారీ తేమ రీడింగులు ఉదయం 8.30, సాయంత్రం 5.30కి తీసినవి. మీవి కూడా అదే వేళకు తీసి, రెండువైపులా డ్యూ పాయింట్ కట్టండి. నాగర్‌కర్నూల్ వైపు వాళ్లకు పాలెం వ్యవసాయ పరిశోధన స్థానం దగ్గర.

పోల్చే స్టేషన్ దగ్గరిదైతే చాలదు, అలాంటి నేల మీదే ఉండాలి. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు సాగర్ ఎడమ కాలువ కింద వరి మళ్లు నిండుగా ఉన్నప్పుడు ఆ గాలిలో ఉండే ఆవిరి దేవరకొండ మెట్ట మీద ఉండదు. ఆ తేడా నిజమైనది, దాన్ని సవరించకూడదు. మబ్బు పట్టి, గాలి వీచే రోజులు పోలికకు మంచివి. అప్పుడు ఎండ చేసే తప్పు తగ్గుతుంది, గాలి అంతా కలిసిపోతుంది. అలాంటి రోజుల్లో డ్యూ పాయింట్లు డిగ్రీ, డిగ్రీన్నర లోపు కలుస్తుంటే మీ సెన్సర్ బాగున్నట్టే.

సవరణ

షీల్డ్ వల్ల వచ్చిన తప్పును సవరణతో కప్పకండి, షీల్డే మార్చండి. సెన్సర్ తప్పు అని ఉప్పు డబ్బా తేల్చినప్పుడే యాప్‌లోని క్యాలిబ్రేషన్ పేజీకి వెళ్లండి. రెండు గుర్తుల దగ్గరా తేడా ఒకటే అయితే ఆ అంకెను తీసేయడమో కలపడమో చేస్తే సరి. వేరైతే లెక్క వేయాలి. ఉదాహరణకు స్టేషన్ 33 దగ్గర 34, 75 దగ్గర 79 చూపిందనుకోండి. మధ్యలో నిజమైన దూరం 42, స్టేషన్ చూపిన దూరం 45. రీడింగు లోంచి 34 తీసేసి, 42తో గుణించి 45తో భాగించి, 33 కలపండి. స్టేషన్ 90 అంటే నిజం 85. 20 అంటే 20 దగ్గరే. యాప్ ఒక్క అంకెనే ఒప్పుకుంటే మీకు ఏ కాలపు రీడింగు ముఖ్యమో దానికి తగ్గట్టు పెట్టుకుని, పెట్టిన తేదీ, పాత అంకె, కొత్త అంకె నోటుబుక్కులో రాయండి. అది రాయకపోతే పాత రికార్డును కొత్తదానితో పోల్చే దారే ఉండదు.

ఏటా రెండుసార్లు, శివరాత్రి దాటాక ఒకసారి, వానలు వెళ్లాక దసరా, దీపావళి మధ్య ఒకసారి ఉప్పు పరీక్ష చేస్తే చాలు. వాన వెలిసి ఎండ కాసి మూడు గంటలైనా 99 మీదే కూర్చుంటున్న సెన్సర్, లేదా ఆరబెట్టాక కూడా 75 దగ్గర ఎనిమిది, పది శాతం తప్పి, తర్వాతి పరీక్షలో ఆ తప్పు ఇంకో అంకెకు మారుతున్న సెన్సర్ సవరణకు లొంగదు. చాలా మోడళ్లలో తేమ సెన్సర్ విడిగా దొరుకుతుంది. కొత్తది బిగించే ముందు దాన్ని కూడా ఒక రాత్రి ఉప్పు డబ్బాలో పెట్టి చూడండి.